మొక్కజొన్న తీసుకెళ్ళారు, సున్నం వదిలేసారు: ఒక రెసిపీలో ఒక్క స్టెప్ మిస్ అయితే ఏమైందో తెలుసా?

ఈరోజు ఎపిసోడ్ ఒక విరిగిపోయిన రొట్టెతో స్టార్ట్ చేద్దాం.

నెల క్రితం నాకు ఇంట్లో టాకోస్ చేసుకోవాలనిపించింది. టాకో అంటే తెలుసుగా, మెక్సికో వాళ్ళు తోర్తియా అని పల్చటి మొక్కజొన్న రొట్టె చేసి, అందులో కూర పెట్టి మడిచి తింటారు. సరే అని కిరాణా కొట్టుకెళ్ళి మొక్కజొన్న పిండి తెచ్చా. నీళ్ళు పోసి కలిపా. ఒత్తుతుంటే అంచులు పగిలిపోతున్నాయి. పెనం మీద వేసి తిరగేసేలోపు నాలుగు ముక్కలు. జొన్నరొట్టెకి కలిపినట్టు వేడినీళ్ళతో కలిపి చేత్తో తట్టి చూసా. కొంచెం నిలబడింది, కానీ మడవగానే టప్‌మని విరిగింది.

డాలస్‌లో ఉండే మా ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేసా. వాడు వాళ్ళింట్లో ఉన్న మెక్సికన్ పిండి ప్యాకెట్ కెమెరా ముందు పెట్టి చదివాడు. "కార్న్, లైమ్. రెండే రా, ఇంకేం లేవు." ఓహో, ఇదా సీక్రెట్ అని నేను పిండిలో రెండు నిమ్మకాయలు పిండేసా.

నవ్వకండి. ఇంగ్లీషులో నిమ్మకాయనీ లైమ్ అంటారు, సున్నాన్నీ లైమ్ అంటారు. ఆ ప్యాకెట్ మీద ఉన్నది సున్నం! తాంబూలంలో ఆకుకి రాసుకుంటామే, ఆ సున్నం. బీటెక్ చదివాను, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, కానీ ఈ ముక్క నాకు తెలీదు. అసలు తిండిలో సున్నం ఎందుకు అని వెతకడం మొదలుపెట్టా. అలా వెతుక్కుంటూ వెళ్తే ఆ దారి ఎక్కడికి వెళ్ళిందంటే, ఒక్క అమెరికాలోనే దాదాపు లక్ష మంది ప్రాణాలు తీసిన ఒక జబ్బు దగ్గరికి. అక్కడ్నుంచి మన హైదరాబాద్‌కి. లాస్ట్‌కి మా నాయినమ్మ దగ్గరికి. చివరిదాకా చూడండి.

ముందు మెక్సికో వెళ్దాం.

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. దాదాపు 9,000 ఏళ్ళ క్రితం అక్కడ తియోసింతే అనే ఒక గడ్డి ఉండేది. దాని కంకి మన చిటికెన వేలంత కూడా ఉండదు, ఒక్కోదాంట్లో పదో పన్నెండో గింజలు, అవీ రాయిలాంటి పెంకులో. ఆ గడ్డిని తరతరాలుగా మంచి విత్తనం ఏరుకుంటూ, నాటుకుంటూ, మనం ఇవాళ బండి మీద నిప్పుల్లో కాల్చుకుని తినే పొత్తుగా మార్చింది అక్కడి రైతులు. ఏ కంపెనీ కాదు, ఏ ల్యాబూ కాదు.

వాళ్ళు దాన్ని వండే పద్ధతి చూడండి. ఎండిన గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికిస్తారు. దించి, రాత్రంతా అలాగే నాననిస్తారు. పొద్దున్నే గింజ మీద పొట్టు ఊడి వచ్చేస్తుంది. బాగా కడిగి, మెతాతే అనే రాతి మీద నూరుతారు, మన సన్నికల్లు లాంటిదే అనుకోండి. అప్పుడు వచ్చే ముద్ద జిగురుగా ఉంటుంది. దాంతో రొట్టె చేస్తే విరగదు, మడవొచ్చు. దీన్ని నిక్స్టమలైజేషన్ అంటారు. అక్కడి నావాటల్ భాషలో బూడిద అనే మాటా, తమాల్ అనే వంటకం పేరూ కలిసి వచ్చిన పదం ఇది. సున్నం దొరకని చోట కట్టెల బూడిద వాడేవాళ్ళు. ఉత్తర అమెరికాలో చాలా ఆదివాసీ తెగలు బూడిద నీళ్ళే వాడాయి. ఈ పద్ధతి కనీసం 3,000 ఏళ్ళ నాటిది.

ఇప్పుడు చిన్న సైన్స్ క్లాస్, రెండే నిమిషాలు.

మన ఒంటికి నియాసిన్ అనే విటమిన్ కావాలి, బీ3 అంటారు. మొక్కజొన్నలో అది ఉంది. కానీ పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్‌లాగా ఉంది. గింజలోని పీచు పదార్థంతో గట్టిగా కట్టేసి ఉంటుంది, మన పేగులు దాన్ని విడదీయలేవు. ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది, ఓపెన్ అవ్వదు. సున్నం నీళ్ళు ఏం చేస్తాయంటే, ఆ కట్టు విప్పేస్తాయి. పాస్‌వర్డ్ సున్నం అనమాట. అదే దెబ్బకి పిండికి జిగురు వస్తుంది, కాల్షియమూ పెరుగుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. ట్రిప్టోఫాన్ అనే ప్రొటీన్ ముక్క దొరికితే మన శరీరమే నియాసిన్ తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కి 1 మిల్లీగ్రాము నియాసిన్, అదీ రేటు. కానీ మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ బాగా తక్కువ. ఎక్కడ ఎక్కువ? పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు. ఇప్పుడు మెక్సికో పొలం గుర్తు చేసుకోండి. మిల్పా అంటారు దాన్ని. ఒకే మడిలో మొక్కజొన్న, దాని కాండానికి అల్లుకుని చిక్కుడు, కింద నేల కప్పేస్తూ గుమ్మడి. పొలంలో మూడూ కలిసే పెరుగుతాయి, కంచంలోకీ కలిసే వస్తాయి.

అంటే వాళ్ళకి నియాసిన్ తెలుసా? తెలీదు. ఇక్కడ నేను "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" టైపు వీడియో చేయట్లేదు. పొట్టు త్వరగా ఊడుతుందని, రొట్టె బాగా వస్తుందని, రుచి బావుందని చేసుండొచ్చు. కారణం తెలియకపోయినా పద్ధతి పనిచేసింది, పనిచేసింది కాబట్టి మిగిలింది. అంతే.

ఇప్పుడు కథలో మలుపు.

కొలంబస్ తర్వాత మొక్కజొన్న ఓడెక్కి యూరప్ వెళ్ళింది. స్పెయిన్, ఇటలీ, బాల్కన్స్, అక్కడ్నుంచి ఆఫ్రికా. పంట సూపర్ హిట్. తక్కువ నేలలో ఎక్కువ గింజ. కానీ సున్నం వెళ్ళలేదు. యూరప్‌లో అప్పటికే గోధుమలు విసిరే నీటి మరలు ఉన్నాయి, ఎండు గింజ వేస్తే పిండి వచ్చేస్తుంది. ఇంకా ఉడకబెట్టడం, నానబెట్టడం ఎవరికి కావాలి? పైగా ఆ పని జరిగేది వంటింట్లో, చేసేది ఆదివాసీ ఆడవాళ్ళు. ఓడల్లో తిరిగే మగవాళ్ళు గింజలు జేబులో వేసుకున్నారు గానీ, వంటింట్లో ఆవిడ ఏం చేస్తుందో నోట్ చేసుకోవాలని అనుకోలేదు. మా భాషలో చెప్పాలంటే, కోడ్ కాపీ చేసుకెళ్ళారు, రీడ్‌మీ ఫైల్ చదవలేదు.

ఏమైంది? 1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పార్ కసాల్ అనే డాక్టర్ ఒక కొత్త జబ్బు గమనించాడు. ఎండ తగిలే చోట చర్మం ఎర్రబడి, నల్లబడి, పొలుసులు కడుతుంది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ. రోగులంతా నిరుపేద రైతులు, వాళ్ళ తిండి ఎక్కువగా మొక్కజొన్నే. 1771లో ఇటలీలో ఫ్రపోల్లి అనే డాక్టర్ దీన్ని పెల్లాగ్రా అన్నాడు, గరుకు చర్మం అని అర్థం. ఇటలీ ఉత్తరాన పేదవాడి రోజువారీ తిండి పోలెంటా, అంటే మొక్కజొన్న సంకటి.

జబ్బు చర్మంతో ఆగదు. తర్వాత విరేచనాలు. తర్వాత మతి చలించడం. తర్వాత చావు. మనిషి పిచ్చివాడయ్యాడని ఆసుపత్రిలో పడేస్తే, అక్కడ పెట్టేదీ అదే సంకటి.

ఇక అమెరికా. 1906లో అలబామాలో నల్లజాతి రోగుల కోసం ఉన్న ఒక మానసిక వైద్యశాలలో 88 మందికి పెల్లాగ్రా వచ్చింది. అందులో 57 మంది చనిపోయారు. అక్కడ్నుంచి దక్షిణాది రాష్ట్రాలంతా పాకింది. 1906 నుంచి 1940 దాకా లెక్కేస్తే దాదాపు 30 లక్షల మందికి జబ్బు, దాదాపు లక్ష చావులు.

ఎందుకు అక్కడే? పత్తి. కౌలు రైతులు, ఎక్కువ మంది నల్లవాళ్ళు, తెల్లవాళ్ళలో పేదలు కూడా. గుమ్మం దాకా పత్తే వేయాలి, పెరడు ఉండదు, పాడి ఉండదు. అప్పు మీద షావుకారు కొట్లో సరుకు తెచ్చుకోవాలి. ఆ సరుకు మూడే రకాలు: మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లం పాకం. ఆ పిండి కూడా కొత్త మిల్లుల్లో మొలక భాగం తీసేసి పట్టింది. ఎక్కువ రోజులు నిల్వ ఉంటుంది, ఉన్న కాస్త పోషకం కూడా పోతుంది.

డాక్టర్లేమో ఇది అంటువ్యాధి అన్నారు. కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి, ఇది రక్తంలోనే ఉంది, ఆ కుటుంబాలే అంత అన్నారు. ఈ మాట ఎక్కడైనా విన్నట్టుందా? పేదవాడికి రోగం వస్తే ముందు వాడి శుభ్రత మీద, వాడి పుట్టుక మీద అనుమానం. వాడి కంచంలో ఏముందో ఎవరూ చూడరు.

1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టర్ని పంపింది. హంగేరీ నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన యూదు కుటుంబం ఆయనది. ఆయన అనాథాశ్రమాలు, మానసిక వైద్యశాలలు తిరిగి ఒక సింపుల్ విషయం గమనించాడు. రోగులకి జబ్బు వస్తోంది, వాళ్ళతో రోజంతా ఉండే నర్సులకి, సిబ్బందికి రావట్లేదు. అంటువ్యాధి అయితే జీతగాళ్ళని వదిలేస్తుందా? తేడా ఎక్కడుందంటే, భోజనంలో. రెండు అనాథాశ్రమాల్లో పిల్లలకి పాలు, గుడ్లు, మాంసం, బీన్స్ పెట్టించాడు. జబ్బు తగ్గిపోయింది.

అయినా నమ్మలేదు. 1915లో మిసిసిపీలో జైలు పొలంలో ఖైదీలకి, విడుదల చేస్తామన్న ఒప్పందం మీద, దక్షిణాది పేదవాడి తిండి పెట్టాడు. 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. ఖైదీల మీద అలాంటి ప్రయోగం ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అప్పటికీ కొంతమంది డాక్టర్లు, కాదు ఇది అంటువ్యాధే అన్నారు. దాంతో 1916లో గోల్డ్‌బర్గర్, ఆయన భార్య మేరీ, తోటి డాక్టర్లు రోగుల రక్తం ఇంజెక్షన్ చేయించుకున్నారు. మగవాళ్ళయితే రోగుల చర్మం పొలుసులు, మలమూత్రాలు పిండిలో కలిపి మాత్రలు చేసుకుని మింగారు. అవును, మీరు విన్నది కరెక్టే. ఎవరికీ జబ్బు రాలేదు.

ఆయన తేల్చి చెప్పింది ఏంటంటే, మందు కాదు కావాల్సింది, తిండి. తిండి కావాలంటే జీతం కావాలి, సొంత పెరడు కావాలి, పాడి కావాలి. ఇది దక్షిణాది నాయకులకి నచ్చలేదు. 1921లో పత్తి ధర పడిపోయి పెల్లాగ్రా మళ్ళీ పెరుగుతోందని హెచ్చరిస్తే, మా ప్రాంతం పరువు తీస్తున్నారని గొడవ చేసారు. 1927లో మిసిసిపీ వరదలప్పుడు మాత్రం ఆయన సలహాతో జనానికి ఈస్ట్ పంచారు, అది పనిచేసింది. ఈస్ట్‌లో ఏముందో తెలియకుండానే 1929లో ఆయన క్యాన్సర్‌తో చనిపోయాడు. 1937లో కాన్రాడ్ ఎల్వియెమ్ అనే శాస్త్రవేత్త అది నికోటినిక్ ఆసిడ్ అని తేల్చాడు. తర్వాత, పొగాకులో నికోటిన్ అనుకుని జనం భయపడతారని దానికి నియాసిన్ అని పేరు మార్చారు.

ఒక్కసారి ఆలోచించండి. 1735 నుంచి 1937 దాకా, 200 ఏళ్ళు. ఆ 200 ఏళ్ళూ మెక్సికో పల్లెల్లో ప్రతి రాత్రీ ఎవరో ఒకావిడ కుండలో సున్నం వేసి మొక్కజొన్న నానబెడుతూనే ఉంది.

సరే, ఇది వాళ్ళ కథ, మనకేంటి అంటారా? ఇప్పుడు హైదరాబాద్ వద్దాం.

1960లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనాలయం, ఇప్పుడు మనం తార్నాకలో ఎన్‌ఐఎన్ అని చూస్తామే, అదే, అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా లాన్సెట్ పత్రికలో ఒక పేపర్ వేసారు. విషయం ఏంటంటే, ఇక్కడి చుట్టుపక్కల పెల్లాగ్రా కనిపిస్తోంది. కానీ వీళ్ళు మొక్కజొన్న తినేవాళ్ళు కాదు. జొన్న తినేవాళ్ళు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువేం కాదు. మరి జబ్బు ఎందుకు? జొన్నలో ల్యూసిన్ అనే ఇంకో ప్రొటీన్ ముక్క మరీ ఎక్కువ ఉండి, అది లెక్క తప్పిస్తోందని వాళ్ళ అనుమానం. ఆ సిద్ధాంతం మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదనలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. కానీ ఒక్క విషయంలో వాదన లేదు. జబ్బు పడ్డవాళ్ళు ఎవరు? కూలీలు. పొద్దున జొన్న, రాత్రి జొన్న, పక్కన ఇంకేమీ లేనివాళ్ళు.

ఇప్పుడు మా నాయినమ్మ. మాది పాలమూరు వైపు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నేను ఫోన్‌లో చూసింది గొప్పగా చెప్పా. "నాయినమ్మా, జొన్నరొట్టె సూపర్ ఫుడ్ అంట, సిటీల ఒక్క రొట్టె నలభై రూపాయలు." ఆమె నా మొహం చూసి అన్నది, "సూపరో గీపరో నాకేం తెల్వది బిడ్డా. మేం కూలికి పోయిన దినాలల్ల పొద్దు మాపు జొన్న గటకనే, ఇంత ఉప్పు, ఇంత కారం. పప్పు పండుగకే. వరన్నం ఇంటికి సుట్టాలొస్తేనే."

ఆ రోజు నవ్వేసా. ఎన్‌ఐఎన్ పేపర్ గురించి చదివిన రోజు మాత్రం ఆ మాట గుర్తొచ్చి కాసేపు స్క్రీన్ మూసేసి కూర్చున్నా. గోపాలన్ గారు రాసిన ఆ జనం ఎక్కడో ఉన్న "సబ్జెక్టులు" కాదు. ఆ పేపర్ వచ్చేనాటికి మా నాయినమ్మ కూలికి వెళ్ళే పిల్ల.

దయచేసి దీన్ని "జొన్న తింటే జబ్బు" అని కట్ చేసి షార్ట్స్ పెట్టకండి. జొన్న మంచి తిండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, కొంచెం పెరుగు ఉన్న కంచం చాలా మంచి కంచం. ఆ కంచంలో మిగతావన్నీ తీసేసి జొన్న ఒక్కటే మిగిల్చింది పేదరికం. తప్పు గింజది కాదు.

ఇలాంటిదే ఇంకోటి మన కోస్తా వైపు. బెరిబెరి అని కాళ్ళు వాచి, గుండె దెబ్బతినే జబ్బు, బీ1 విటమిన్ లోపం వల్ల వస్తుంది. 1835లోనే మాల్కమ్‌సన్ అనే డాక్టర్ మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి మీద పుస్తకమే రాసాడు, మన ఉత్తర సర్కారు జిల్లాలు ఈ జబ్బుకి పేరు మోసినవి. తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో బీ1 తవుడుతో పాటు పోతుంది. అదే వడ్లని ముందు నానబెట్టి ఉడికించి, ఎండబెట్టి దంచితే, అంటే ఉప్పుడు బియ్యం చేస్తే, ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఇదీ వంటింటి స్టెప్పే, సున్నంలాగా.

ఇదంతా పాత కథ అనుకుంటే ఇంకొక్కటి చెప్తా. 1990లో మొజాంబిక్ యుద్ధం నుంచి పారిపోయి మలావీలో తలదాచుకున్న శరణార్థులకి రేషన్ ఇచ్చేవాళ్ళు. మొక్కజొన్న, వాటితో పాటు పల్లీలు. పల్లీల్లో నియాసిన్ బాగా ఉంటుంది. సరఫరా దెబ్బతిని పల్లీలు ఆగిపోయాయి. కడుపు నింపే మొక్కజొన్న వస్తూనే ఉంది. కొన్ని నెలల్లో దాదాపు 18 వేల మందికి పెల్లాగ్రా. అప్పటికి నియాసిన్ కనిపెట్టి 50 ఏళ్ళు దాటింది. లిస్టులో ఒక్క లైన్ పోయిందంతే.

అందుకే ఇక నుంచి రీల్స్‌లో ఏ దేశం సూపర్ ఫుడ్ కనిపించినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా. ఒకటి, దాన్ని పుట్టిన చోట ఎలా వండుతారు? నానబెడతారా, పులియబెడతారా, ఉడికిస్తారా? రెండు, దాన్ని దేనితో కలిపి తింటారు? మూడు, ఆ పక్కనుండేవి కొనలేనివాళ్ళ కంచంలో ఏం మిగులుతుంది? మొదటి రెండూ మన ఆరోగ్యానికి. మూడోది మనం మనుషులుగా ఉండటానికి. అంగన్‌వాడీలో గుడ్డు, బడిలో పప్పు, రేషన్‌లో కందిపప్పు ఉండాలా వద్దా అని టీవీలో గొడవ జరిగినప్పుడు, అది ఫ్రీ అనే మాట అనేముందు గోల్డ్‌బర్గర్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.

లాస్ట్‌గా, నా రొట్టె సంగతి. తినడానికి పనికొచ్చే కాల్షియం హైడ్రాక్సైడ్ తెప్పించా. గోడలకి వేసే సున్నం అస్సలు వాడకండి, ప్లీజ్. కిలో ఎండు మక్కలకి 10 గ్రాములు. ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున నాలుగైదు సార్లు కడిగి, గ్రైండర్లో రుబ్బా. వాసనే మారిపోయింది, తడిసిన మట్టి వాసన లాంటిది. ఒత్తా, పెనం మీద వేసా. మడిచా. విరగలేదు.

ఆ రొట్టె తీసుకెళ్ళి ఊర్లో నాయినమ్మకి పెట్టా, పప్పుతో. ఒక ముక్క తిని, "మక్క రొట్టెనా? ఇంత మెత్తగెట్లొచ్చె?" అంది. సున్నం వేసి నానబెట్టా నాయినమ్మా అంటే, "ఓ... ఆకుల ఏసుకునే సున్నమా" అని తన తాంబూలం డబ్బా నా ముందుకు జరిపింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు చేసే, ఎందుకో ఎవరికీ తెలియని వంటింటి స్టెప్ ఏదైనా ఉంటే అడిగి కనుక్కోండి, ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. కింద రాయండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని తీసుకుని నిజంగా పనిచేస్తాయా లేదా చూద్దాం. పనిచేయనివి ఉంటే అదీ చెప్తా. ఉంటానండి, నమస్తే.